పరిగె మామ్మ పోసిన బియ్యం

రండి, ఆ కుర్చీలు వదిలేసి చాప మీదకి రండి. దగ్గరగా కూర్చోండి, నా గొంతు ఇప్పుడు దూరానికి వినపడదు. ఎవరైనా ఆ టీవీ కట్టేయండి. ఫోన్లు బోర్లా పెట్టండి. పొద్దుటి నుంచి నాకు చిరాగ్గా ఉంది. అది దిగేదాకా నేను చెప్పాలి, మీరు వినాలి.

చిరాకు ఎందుకంటారా? మొన్న మా చర్చిలో క్రిస్మస్ చీటీలు తీశారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకి చెప్పకుండా ఒక బహుమతి కొని, పండగ నాడు ఇవ్వాలి. మా మనవరాలు ఎవరికో మంచి గోడ గడియారం కొనిచ్చింది. దీనికేమో మూడు ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. ఇక చూడండి. తల్లీ కూతుళ్ళిద్దరూ సోఫాలో కూర్చుని ఆ డబ్బాల ధర ఫోనులో వెతుకుతున్నారు. "మనం అంత పెట్టాం, వాళ్ళు ఇంతేనా?" అని కోడలు. "వచ్చే ఏడు నేను చీటీ తియ్యను నానమ్మా," అని మనవరాలు. క్రిస్మస్ పాటలు ఒక పక్క మోగుతూనే ఉన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. కేకలేద్దామని నోరు తెరిచాను. ఇంతలో నా చిన్నతనం గుర్తొచ్చి నోరు మూతపడింది. దీన్ని తిట్టే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో అదే చెప్తున్నాను.

మా ఊరు పెడన నుంచి బంటుమిల్లి వెళ్ళే దారిలో కాలవ దాటాక వచ్చేది. ఇప్పుడు అటు వెళ్తే చేపల చెరువులే. అప్పుడు కంటికి ఆనినంత మేర వరి. మాకు క్రిస్మస్ క్యాలెండరులోంచి వచ్చేది కాదు, వాసనల్లోంచి వచ్చేది. ముందు మంచులో తడిసిన వరి పనల వాసన. తర్వాత చర్చి గోడలకి కొట్టిన తడి సున్నం వాసన. ఆ తర్వాత రంగు కాగితాలు అంటించడానికి గిన్నెలో కాచిన మైదా వాసన. ఆ మైదా వేలితో నాకితే చప్పగా, వెచ్చగా భలే ఉండేది. మేం నాకగా మిగిలిందే కాగితాలకి దక్కేది. అందుకే మా చర్చి తోరణాలు ఏటా సగం ఊడిపోయి వేలాడేవి. అన్నిటికంటే చివర అరిసెల పాకం వాసన. అది వచ్చిందంటే ఇక మమ్మల్ని పట్టడం ఎవరి వల్లా కాదు.

మా ఇంటికి పెత్తనం మా నాయనమ్మది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరి మీదో ఒకరి మీద విసుక్కుంటూ ఉండేది. కోడి గుడ్డు పెట్టకపోతే కోడి మీద, పెడితే ఎక్కడో దూరంగా పెట్టిందని మళ్ళీ కోడి మీద. అయినా ఆవిడ చేతి కింద ఆకలితో ఉన్న మనిషిని నేను చూడలేదు. తిడుతూనే పెట్టేది. ఆవిడకి తెలియనిది ఒకటే, ఎవరి దగ్గరైనా చెయ్యి చాపడం.

మా ఊరి క్రైస్తవుల ఇళ్ళలో ఒక అలవాటు ఉండేది. రెండు పూటలా ఎసట్లో బియ్యం పోయబోయే ముందు, అందులోంచి ఒక గుప్పెడు తీసి పక్కనున్న కుండలో వేయాలి. అది దేవుడి గుప్పెడు. ఇంట్లో వాళ్ళు తినే దాంట్లోంచి తగ్గించుకుని వేసేదన్నమాట. మామూలు రోజుల్లో ఆ బియ్యం ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళిపోయేది. దసరా వెళ్ళిన దగ్గర్నుంచి మాత్రం ఎవరి కుండలో వాళ్ళు దాచి ఉంచేవాళ్ళు. క్రిస్మస్ పొద్దున ఆ కుండకి బంతిపూల దండ చుట్టి చర్చికి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కడ ముందు వైపు కొత్త తుంగచాప పరిచి ఉండేది. పాట సాగుతుండగా ఒక్కో ఇంటావిడ వచ్చి తన కుండ చాప మీద వంచేది. అన్ని ఇళ్ళ బియ్యం ఒకే కుప్ప. మధ్యాహ్నం ఆ కుప్పే ప్రేమవిందు.

ప్రేమవిందు అన్నం సరిగ్గా ఉడికిన ఏడాది నాకు గుర్తు లేదు. ఎలా ఉడుకుతుంది చెప్పండి? ఒకరివి సన్నబియ్యం, ఒకరివి ముతకవి, ఒకరివి కొత్తవి, ఒకరివి నిరుటివి. ఒకే గంగాళంలో సగం జావ, సగం పలుకు. వండే ఆడవాళ్ళలో పెద్దది మా నాయనమ్మే. గరిటె విసిరికొట్టి, "వచ్చే ఏడు ఎవరి బియ్యం వాళ్ళకి విడిగా వండిస్తాను అయ్యగారూ, నా వల్ల కాదు," అనేది. మా పాస్టరుగారిని అందరం అయ్యగారనే పిలిచేవాళ్ళం. ఆయన నవ్వి, "అలాగైతే అది విందు ఎలా అవుతుందమ్మా, క్యారేజీ అవుతుంది గానీ," అనేవారు.

ఇక పరిగె మామ్మ సంగతి. పరిగె అంటే మీకు తెలియదు. వరి కోసి పనలు ఎత్తేశాక చేలో అక్కడక్కడా వెన్నులు, అదే కంకులు, రాలి ఉంటాయి. అవి ఎవరు ఏరుకుంటే వాళ్ళవి, రైతు అడ్డం చెప్పకూడదు. మామ్మకి సెంటు భూమి లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. కాలవ గట్టున చిన్న పాక. కోతల కాలమంతా చేను తర్వాత చేను తిరుగుతూ వంగి వెన్నులు ఏరి ఒళ్ళో వేసుకునేది. ఏడాదిలో సగం రోజులు ఆ గింజలతోనే వెళ్ళాలి. ఊరంతా ఆవిడని పరిగె మామ్మ అనే పిలిచేది.

అరిసెల పిండి దంచడంలో ఆ మామ్మని మించినవాళ్ళు మా ఊళ్ళో లేరు. క్రిస్మస్ ముందు పక్షం రోజులు మా ఇంట్లోనే ఉండేది. నాయనమ్మా ఆవిడా ఎదురెదురుగా నిలబడి ఒకే రోట్లో రోకలి మార్చి రోకలి వేసేవాళ్ళు. నోళ్ళు కూడా అలాగే నడిచేవి.

"నీ రోకలికి బలం లేదు వదినా, గాలి కొడుతున్నావు," అని నాయనమ్మ.

"నీకు బలం ఉందిగా, నువ్వు కొట్టు. నేను కూర్చుంటా."

"కూర్చుంటే అరిసె నోట్లోకి రాదు."

"రాకపోతే లేచి తెచ్చుకుంటాలే. నీ వంటిల్లు నాకు తెలియనిదా?"

ఈ మాటే తర్వాత ఆవిడ మెడకి చుట్టుకుంది.

బందరు నుంచి మా ఊరికి సైకిలు మీద జీళ్ళ సాయిబుగారు వచ్చేవారు. వెనక చెక్కపెట్టె, అందులో నువ్వులు అద్దిన బెల్లం జీళ్ళు. కాలవ వంతెన దగ్గర ఆగి గంట కొట్టేవారు. డబ్బులుంటే డబ్బులు, లేకపోతే బియ్యం. గుప్పెడు బియ్యానికి రెండు జీళ్ళు. నాకప్పుడు తొమ్మిదో పదో ఉంటాయి. బియ్యం డబ్బా నాయనమ్మ మంచం కింద, దాని మీద మూత, మూత మీద రాయి. దేవుడి కుండ మీద ఏముంది? మట్టి మూకుడు. అంతే.

మొదటిరోజు భయపడుతూ తీశాను. ఆకాశం విరిగి నా మీద పడలేదు. రెండోరోజు లెక్క వేసుకున్నాను. దేవుడికి రోజుకి రెండు గుప్పిళ్ళు పడుతున్నాయి, నేను తీసేది ఒక్కటే, ఆయనకి ఇంకోటి మిగులుతుంది, పైగా నా గుప్పెడు చిన్నది. ఈ లెక్క నాకు ఎంతో న్యాయంగా తోచింది. వారం తిరిగేసరికి పొద్దునొకటి, సాయంత్రం ఒకటి తీస్తున్నాను.

"ఇంట్లో చెప్పే తెస్తున్నావా అమ్మా?" అని సాయిబుగారు ఒకసారి అడిగారు.

"మా నాయనమ్మే పంపిందండీ," అన్నాను, నోట్లో జీడి సాగదీస్తూ.

అలా అంటూ తలెత్తితే వంతెన అవతల పరిగె మామ్మ. ఒడి నిండా వెన్నులు, తల మీద గడ్డి కట్ట. బియ్యం పోసేశాక ఖాళీగా నా చేతిలో ఉన్న గౌను అంచు చూసింది. నా నోటి వంక చూసింది. "పళ్ళకి అంటుకుంటుంది, నీళ్ళు పుక్కిలించు," అంది. తన దారిన వెళ్ళిపోయింది. చెప్పేస్తుందని ఆ రాత్రంతా వణికాను. చెప్పలేదు. చెప్పనందుకు ఆవిడంటే నాకు మరీ చికాకు పుట్టింది. ఎప్పుడు చెప్తుందో తెలియకపోవడం కంటే చెప్పేస్తేనే నయం కదా.

రోజూ గుప్పెడు వేసేది అమ్మ, మూకుడు ఓరగా జరిపి లోపలికి చూడకుండానే వేసేసేది. పండగ పది రోజులు ఉందనగా నాయనమ్మ కుండ మూకుడు తీసి చూసింది. సగానికి పైగా ఉండాల్సిన బియ్యం అడుగున నాలుగు వేళ్ళ ఎత్తే ఉంది. ఇంట్లో అందరినీ అడిగింది. అందరూ తెలియదన్నారు. అందరికంటే ముందు నేనే అన్నాను. ఇక మిగిలింది బయటి మనిషి, వంటింట్లోకి చొరవగా వచ్చిపోయే మనిషి ఒక్కరే.

ఆవేళ ఇద్దరూ పిండి దంచుతున్నారు. నేను స్తంభం పక్కన కూర్చుని బెల్లం చితక్కొడుతున్నాను. నాయనమ్మ రోకలి ఆపేసింది.

"దేవుడి కుండలో చెయ్యి పెట్టేంత కరువు వచ్చిందా వదినా నీకు?"

మామ్మ రోకలి గాల్లోనే ఆగింది. "ఏవిటీ?"

"అడిగితే నేను పెట్టనా? ఎప్పుడైనా లేదన్నానా? దొంగతనం ఎందుకు?"

"నేను తీశానంటావా?"

"నా వంటింట్లోకి ఇంకెవరొస్తారు? నువ్వే అన్నావుగా, నీకు తెలియనిది కాదని."

మామ్మ కళ్ళు ఒక్కసారి నా మీదకి వచ్చాయి. ఒక్కసారే. నా పంటి సందులో నువ్వుగింజ ఉంది, నాలుకతో తీసుకుంటున్నాను. నాలుక అక్కడే ఆగిపోయింది. మామ్మ చూపు తిప్పుకుంది. రోకలి గోడకి ఆనించింది. చేతులకున్న పిండి రోట్లోనే దులిపి, పైట దోపుకుంది.

"సర్లే వదినా. నేను ఇక రాను," అంది. వెళ్ళిపోయింది.

నోరు విప్పితే రెండు మాటలు. నేను విప్పలేదు. బెల్లం కొడుతూ కూర్చున్నాను. ఇంత వయసొచ్చాక కూడా ఆ పిల్లని తలుచుకుంటే లేచి ఒక చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది.

ఆ ఏడు అరిసెల పిండి అమ్మా నాయనమ్మా దంచారు. గరుకుగా వచ్చింది. నూనెలో వేసిన అరిసెలన్నీ విచ్చిపోయాయి. "ఇదీ ఆవిడ చేసిన పనే! పండగ ముందు వదిలేసి పోయింది," అని నాయనమ్మ. మామ్మని పొమ్మన్నట్టు మాట్లాడింది ఎవరో ఆవిడకి గుర్తు లేదు.

మా నాన్న పాపం నెమ్మదస్తుడు. "అమ్మా, డబ్బాలోంచి నాలుగు సోలలు తీసి ఆ కుండలో పోసెయ్యి. గొడవ వదిలిపోతుంది," అన్నాడు.

"ఏం మాట్లాడుతున్నావురా? పూట పూటా తగ్గించుకుని వేస్తేనే అది గుప్పెడు బియ్యం. ఒక్కసారి డబ్బాలోంచి పోస్తే దేవుణ్ణి మోసం చెయ్యడమే. వెలితి కుండే పట్టుకెళ్తాను. ఎందుకు వెలితి పడిందో అందరి ముందూ చెప్తాను. నా పరువు పోతే పోనీ, తీసినావిడ మొహం ఊరు చూడాలి."

అది మొదలు రోజూ పొయ్యి దగ్గర ఆ మాటలు సాధన చేసేది. నాకు అన్నం దిగేది కాదు.

క్రిస్మస్ పొద్దున మంచు దట్టంగా కురిసింది. గంజి పెళపెళలాడే కొత్త గౌను వేశారు నాకు. నాయనమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఆ కుండ నువ్వు పట్టుకురావే," అంది. వంటింట్లోకి వెళ్ళి, దండ చుట్టి ఉన్న కుండని తేలిగ్గా ఉంటుందని ఒంటి చేత్తో లేపాను. లేవలేదు. మూకుడు తీశాను. అంచుల దాకా బియ్యం.

మా ఇంటి బియ్యం కావవి. మా ఇంట్లో సన్నవి, తెల్లవి, మిల్లులో ఆడించినవి. కుండలో ఉన్నవి ఒక గింజలాగా ఇంకో గింజ లేదు. ఎర్రవి, తెల్లవి, పొట్టివి, పొడుగువి, పొట్టు సరిగా వదలనివి. పది చేలల్లో ఏరితే గానీ అలాంటి బియ్యం కుదరవు. ముందు రోజు సాయంత్రం పెందలాడే వంట ముగించుకుని మేమంతా చర్చికి తోరణాలు కట్టడానికి వెళ్ళాం. అప్పట్లో ఇళ్ళకి తాళాలు ఎక్కడివి?

సంతోషించానంటారా? లేదండీ. నాకు ఒళ్ళు మండింది. ఎవరు పొయ్యమన్నారు ఈవిడని? ఎవరడిగారు? వెలితి కుండ వెళ్తే తిట్లు ఆవిడకి పడేవి, నా దారిన నేను అన్నం తినేదాన్ని. ఇప్పుడు ఈ బరువంతా నా చంకన పెట్టింది. అది మోసుకుంటూ నాయనమ్మ వెనకాల నడిచాను. ఆవిడ ముందు నడుస్తూ చెప్పబోయే మాటలు గొణుక్కుంటోంది. చెప్దామని నోటిదాకా వచ్చింది, చర్చి కూడా వచ్చేసింది.

పరిగె మామ్మ తలుపు పక్కన, అందరికంటే వెనక కూర్చుని ఉంది. అయ్యగారు కృప గురించి చెప్పారు. తగకపోయినా దొరికేదే కృప అని ఆయన ఏటా చెప్పేవారు. మేం ఏటా కాగితం నక్షత్రం వంక చూస్తూ ఉండేవాళ్ళం. తర్వాత కుండలు మొదలయ్యాయి. మా వంతు వచ్చింది. నాయనమ్మ నా చంకలోంచి కుండ లాక్కుంది. బరువు ఆవిడకి తెలిసే ఉండాలి, కానీ మాట అప్పటికే మొదలైపోయింది.

"అయ్యగారూ, ఈ ఏడు మా ఇంటి కుండ వెలితిగా ఉంది. దేవుడి సొమ్ములో చెయ్యి పెట్టినవాళ్ళు ఈ చర్చిలోనే కూర్చున్నారు..." అంటూ వంచింది.

బియ్యం పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. వెలితి అన్న కుండ చాప మీద పెద్ద పోగు పోసింది. పాట ఆగిపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు ఆ గింజల వంక చూశారు. అవి ఎవరి గింజలో మా ఊళ్ళో చిన్నపిల్లకైనా తెలుసు. తలలన్నీ ఒక్కసారే తలుపు వైపు తిరిగాయి.

నాయనమ్మ వంగి ఆ గింజల్ని దగ్గరగా చూసింది. అర్థమైపోయింది అనుకున్నాను. అర్థమైంది, కానీ తలకిందులుగా.

"చూశారా!" అంది గొంతు పెంచి. "నేను చెప్పలేదూ? తీసింది కాబట్టే తెచ్చి పోసింది! తప్పు చెయ్యని మనిషి నా కుండ ఎందుకు నింపుతుంది? ఎవరైనా ఊరికే నింపుతారా?"

చర్చంతా గుసగుసలు. నిజమే కదా అన్నారు ఎవరో. పది రోజులుగా ఆ మాట ఒక్క మా ఇంట్లోనే ఉంది. ఆవిడ ఆ బియ్యం పోయకుండా ఉంటే కొందరైనా నమ్మేవాళ్ళు కాదు. పోసింది కాబట్టి ఊరంతా నమ్మేసింది.

అయ్యగారు నెమ్మదిగా అడిగారు. "మామ్మా, ఈ బియ్యం నువ్వు పోశావా?"

"పోశానండీ."

"ఎందుకమ్మా?"

"వెలితిగా ఉందన్నారుగా. పండక్కి కుండ వెలితిగా ఉంటే ఏం బాగుంటుంది?"

"మరి అందులోవి తీసిందెవరు?"

మామ్మ గోడకున్న నక్షత్రం వంక చూసింది. కిటికీ వంక చూసింది. తన కాళ్ళ వంక చూసుకుంది. నేను ఆవిడకి సూటిగా ఎదురుగా నిలబడి ఉన్నాను, నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే నేను తల దించుకుని ఊరుకునేదాన్నేమో. చూడకుండా ఉండటానికి ఆ ముసలి మెడ అన్ని వైపులకీ తిరుగుతుంటే నాకు ఇక పట్టలేదు.

"నేనే! నేనే తిన్నాను! జీళ్ళు కొనుక్కుని తిన్నాను, ఆవిడ చూసింది కూడా! చెప్పచ్చుగా నువ్వు! ఎందుకు చెప్పవు నువ్వు?" అని అరిచాను. దేవుడి ముందు, అయ్యగారి ముందు, ఊరందరి ముందు, తప్పు నేను చేసి మామ్మని కేకలేశాను. అరుస్తూనే ఏడ్చాను.

నాయనమ్మ చేతిలో ఖాళీ కుండ. దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. కళ్ళు తెరిస్తే ఆవిడ చాప పక్కనే కింద కూలబడి ఉంది. ఆగిన పాట అయ్యగారే మళ్ళీ ఎత్తుకున్నారు.

మధ్యాహ్నం గంగాళాల దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. నేను అరిటాకులు తుడుస్తూ విన్నాను.

"నువ్వు చూశావు కదా వదినా, నాకు చెప్పాలా వద్దా?" అంది నాయనమ్మ.

"చెబితే పండగ ముందు పిల్లని కొడతావు."

"కొట్టనా మరి!"

"అదే చెప్తున్నా."

"నన్ను ఊరందరి ముందు నిలబెట్టావు!"

"నిన్ను నిలబడమన్నదెవరు? గమ్మున పోసేసి కూర్చోక ఉపన్యాసం దేనికి? జరుగు, అన్నం అడుగంటుతోంది."

"నిన్ను దొంగన్నాను కదా నేను. కోపం రాలేదూ?"

"రాకేం? నాలుగు రోజులు నిద్రపట్టలేదు. ముందు ఆకు వెయ్యి, ఆకలేస్తోంది."

ఇక్కడితో అయిపోతే బాగుండును. మా నాయనమ్మకి అసలు బాధ అప్పుడు మొదలైంది. ఊరికే తీసుకుని కూర్చోవడం ఆవిడ వల్ల కాదు. మర్నాడే చాటెడు సన్నబియ్యం పట్టుకుని కాలవ గట్టుకి వెళ్ళింది, నన్ను వెంటేసుకుని. మామ్మ పాక ముందు కూర్చుని వెన్నులు నలుస్తోంది.

"ఇవిగో, నీవి నీకు."

"నావి చర్చిలో తినేశాం కదా."

"అందుకే ఇస్తున్నా."

"తిరిగి తీసుకుంటే నేనిచ్చిందేముంది వదినా? పట్టుకుపో."

పట్టుకొచ్చింది, దారంతా తిట్టుకుంటూ. కొత్త చీర పంపింది. మామ్మ దాన్ని రెండో వీధిలో బాలింతరాలికి ఇచ్చేసింది. కోడిపెట్టని పంపింది. అది తనంతట తనే మా ఇంటికి తిరిగొచ్చింది, నాయనమ్మ దాన్ని కూడా తిట్టింది. జీళ్ళ సాయిబుగారికి ఎవరో చెప్పినట్టున్నారు, ఒక పొట్లం జీళ్ళు తెచ్చి, "పిల్ల ఇంట్లో చెప్పే తెస్తోందనుకున్నానమ్మా, తప్పు నాది కూడా," అన్నారు. "మీరు కూడానా! ఈ ఏడు అందరూ నాకు పెట్టేవాళ్ళే దొరికారా!" అని నాయనమ్మ నెత్తి కొట్టుకుంది.

ఇన్ని జరిగినా నన్ను మాత్రం ఎవరూ కొట్టలేదు. అది నాకు పెద్ద హింస అయిపోయింది. కర్ర పట్టుకుంటే వీపు చూపించి, ఏడ్చి, తేలిపోయేదాన్ని. మామ్మ ఎదురైతే, "పళ్ళు బాగున్నాయా?" అనేది, నిజంగా పళ్ళ గురించే. ఆవిడ మాత్రం మా గడప తొక్కలేదు. రానంది కదా, రాలేదు. నాయనమ్మ రమ్మనలేదు. ఏమీ తీర్చకుండా ఏ మొహంతో రమ్మంటుంది?

సంక్రాంతి వెళ్ళింది, మినుములు తీసేశారు, ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం చేలోంచి వస్తున్నాం, నాయనమ్మా నేనూ. గట్టు మీద కాళ్ళు కాలుతున్నాయి. మామ్మ పాక దగ్గరికి వచ్చేసరికి నాయనమ్మ ఆగింది. ఆగి, నా వంక చిరాగ్గా చూసింది, నేనే ఆపినట్టు. తర్వాత పాక నీడలోకి వెళ్ళి గుమ్మం పక్కన చతికిలబడింది.

"ఏం వండావు వదినా?"

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. "చింతచిగురూ ఎండు రొయ్యలూ," అంది మామ్మ.

"ఉందా ఇంకా?"

"ఒక్కదానికే ఉంది."

"అయితే అందులో సగం పెట్టు. ఆకలేస్తోంది."

మా నాయనమ్మ ఒకరి గుమ్మంలో కూర్చుని ఆకలేస్తోందని అనడం నేను అంతకు ముందు వినలేదు, తర్వాత వినలేదు. మామ్మ ఒక సత్తుపళ్ళెం తెచ్చి ముందు పెట్టింది. నాయనమ్మ తలవంచుకుని కలుపుకుంది. మొదటి ముద్దకి ఉప్పెక్కువైందంది. రెండో ముద్దకి చిగురు ముదురంది. మూడో ముద్దకి ఏమీ అనలేదు. తింటూ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. కారం అంది. మామ్మ మంచినీళ్ళు పెట్టి ఎదురుగా కూర్చుంది. నాకు కూడా పళ్ళెంలోంచి ఒక ముద్ద పెట్టారు. ఎవరు పెట్టారో గుర్తులేదు, రొయ్య రుచి మాత్రం ఇప్పటికీ నాలుక మీద ఉంది.

మర్నాడు పొద్దున మా పెరట్లో రోకలి చప్పుడు వినిపించింది. పిలవకుండానే వచ్చింది మామ్మ. నాయనమ్మ ఏమీ ఎరగనట్టు ఎదురుగా రెండో రోకలి అందుకుంది.

ఇద్దరూ పోయి ఎంత కాలమైందో. ఆ చేలు చెరువులైపోయాయి. వరి ఉన్న చోట మిషన్లు కోస్తున్నాయి, రాలిన వెన్నుల కోసం వంగేవాళ్ళు లేరు. ఆ చర్చి కూడా పడగొట్టి పెద్దది కట్టారు, విందుకి బిర్యానీ బయటనుంచి వస్తోంది, మెతుకు మెతుకు సమానంగా ఉడికి. తప్పు పట్టడానికేమీ ఉండదు. ఇవ్వడం మా ఇంట్లో అందరికీ చేతనవును. ఒకరు పెడితే తలొంచి తినడం మాత్రం మా నాయనమ్మకి అరవై దాటాక వచ్చింది, నాకు ఇంకా పూర్తిగా రాలేదు. మొన్న పక్కింటమ్మాయి గిన్నెడు పాయసం తెస్తే, తిరిగి గిన్నెలో ఏం వేసి పంపాలా అని పూటంతా సతమతమయ్యాను. చూశారా, నా మీద నాకే విసుగు.

సరే, పొద్దుపోయింది, మోకాళ్ళు పట్టేశాయి, కాస్త చెయ్యిచ్చి లేపండి. పిల్లలూ, మీ మీద అరవకుండా ఇంతసేపు నన్ను కూర్చోబెట్టారు, సంతోషం. మీ ఇంటి గడపకి రాకపోకలు ఆగకుండు గాక. మీ ఇంట పెట్టే చేతికి అలుపు రాకుండు గాక. మీకు ఎవరైనా ఊరికే పెట్టిన నాడు, ఎందుకని అడక్కుండా తినేంత మనసు ఆ దేవుడు మీ అందరికీ ఇచ్చు గాక.